గింజ కదలకమునుపు

వేంపల్లెలో మా పాత యింటి వాకిట, మెట్టునకు కుడిప్రక్కగా, రెండు మూరల నాపబండ యొకటి యుండెడిది. దానిపై ఎవ్వరెన్నడు గీచిరో తెలియని పులిజూదపు గీతలు ఎండకు వానకు పలుచబడినపుడెల్ల మా జేజి మేకుమొనతో వానిని మరల దిద్దుచుండెడిది. 23 కూడళ్ళ ఆ పటముపై 3 గచ్చకాయలు పులులు, 15 చింతగింజలు మేకలు. పులి మేకను దాటి చంపును, మేకలు చుట్టుముట్టి పులిని కదలనీయక బంధించును. ఒకనాటి సాయంకాలము నా పులి ఒక మేకను దాటి, దిగిన కూడలినుండియే రెండవ మేకను గూడ దాటబోగా, జేజి నా మణికట్టు పట్టుకొనినది. "ప్రొద్దుటూరులో మామావాళ్ళు ఇట్లే ఆడతారు జేజీ" అంటిని. "ఆడుకోనీ. ఆ మాట గింజ కదలకముందు చెప్పింటే నేనూ ఒప్పుకుంటాంటి. కదిలినాక చెప్తే దాన్ని తొండి అంటారు నాయనా" అని ఆమె నా గచ్చకాయను వెనుకకు జరిపినది. పులివెందుల పేరు పులిమందలనుండి వచ్చినదని పెద్దలు చెప్పుకొను సీమలో పులికి రవంత యెక్కువ స్వేచ్ఛ నిచ్చిన నేమి తప్పని అపుడు నాకు తోచినది గాని, పైకి అనుటకు ధైర్యము చాలలేదు.

తొండి యను మాటకు నిఘంటువులు ఏ యర్థము చెప్పినను, వీధిలో దాని యర్థము స్పష్టము. ఉన్న నియమమును మీరుట తొండియే. లేని నియమమును ఆట నడుమ పుట్టించుటయు తొండియే. ఐనను నియమములు మారక నిలిచిన ఆట లోకమున నొక్కటియు లేదు. మార్పు సంస్కారమగుట యెపుడు, తొండియగుట యెపుడు, ఆ తీర్పు చెప్పవలసిన దెవ్వరు అను ప్రశ్నలకు మన కాలమున అందఱకంటె శ్రద్ధగా, లెక్కలతో, లక్షలాది జనుల యభిప్రాయములతో సమాధానము వెదకినవారు అమెరికాలోని పాత్రధారణ క్రీడల నిర్మాతలు. అచ్చువేయుటకు మునుపు ఆట ముసాయిదాను ఆటగాండ్ర చేతికిచ్చి ఆడించి చూచుటను వారు ప్లేటెస్టు అందురు. మన మాటలో చెప్పవలెనన్న అది "ఆడి చూచుట." ఆ యాడి చూచుట యేబది యేండ్లలో ఏయే రూపములు దాల్చినది, ఏమి సాధించినది, ఎచ్చట తడబడినది అను విషయములను ఒకచోట చేర్చి పరిశీలించుట యీ వ్యాసమున కుద్దేశము.

ఈ క్రీడల నెఱుగనివారికి రెండు మాటలు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అను ఆటలో నలుగురైదుగురు ఒక బల్లచుట్టు కూర్చుందురు. ఒకడు కథ నడుపు సూత్రధారుడు. అతనిని డంజన్ మాస్టరు అందురు. తక్కినవారిలో ఒకడు యోధుడు, ఒకడు మాంత్రికుడు, ఒకతె వైద్యురాలు, ఇట్లు తలకొక పాత్ర ధరింతురు. ఎవరేమి చేయదలచినను నోటితో చెప్పుదురు. ఆ పని నెరవేరినదో లేదో 20 ముఖముల పాచిక తేల్చును. ఇందులో మంత్రములకు ప్రత్యేకస్థానము గలదు. మన వైయాకరణులు ఉత్సర్గమనియు అపవాదమనియు సూత్రములను విభజించినట్లు, ఈ యాటలో కత్తిపోటు, పరుగు, దెబ్బ మొదలగునవి ఉత్సర్గములు. ఒక్కొక్క మంత్రము ఒక్కొక్క యపవాదము. మనుష్యుడు ఎగురలేడనునది సామాన్యనియమము. ఎగురు మంత్రము దానిని బాధించును. గ్రంథములో ఇట్టి యపవాదములు వందలకొలది యుండును గనుక, ఒక సూత్రము కదలినచో ఏ మంత్రము ఎచ్చట బిగియునో, ఏది సడలునో గ్రంథకర్తకే తెలియదు. మార్పులపై తగవులు అధికముగా మంత్రములచుట్టే తిరుగుటకు హేతు విదియే.

ఆరంభకాలమున ఆటయే పరీక్ష, పరీక్షయే ఆట. 1971లో గ్యారీ గైగాక్స్, జెఫ్ పెర్రెన్ అనువారు బొమ్మసైన్యముల యుద్ధక్రీడకై చెయిన్‌మెయిల్ అను నియమావళిని ప్రకటించిరి. మినెసోటాలో డేవ్ ఆర్నెసన్ దానిలోని కొన్ని నియమములు గ్రహించి, తనకు నచ్చనివి విడిచి, బ్లాక్‌మూర్ అను కల్పితరాజ్యమున ఒక్కొక్క ఆటగానికి ఒక్కొక్క వీరుని అప్పగించి వారము వారము ఆడించెను. విస్కాన్సిన్‌లోని లేక్ జెనీవాలో గైగాక్స్ తన యింటి బల్లపై దానిని మరల ఆడి, మరల మార్చి, తుదకు 1974లో మూడు చిన్న పుస్తకములుగా పెట్టెలో పెట్టి అమ్మకమునకు తెచ్చెను. మాంత్రికుడు ఉదయమున మంత్రమును కంఠస్థము చేయుట, ఒకసారి ప్రయోగింపగనే అది మనస్సునుండి తుడిచిపెట్టుకొని పోవుట యను విచిత్రనియమము జాక్ వాన్స్ 1950లో ప్రకటించిన ది డయింగ్ ఎర్త్ కథలనుండి వచ్చినది. ఆ మూడు పుస్తకములలో ఖాళీలు మెండు. చిన్నయసూరి బాలవ్యాకరణమున బహుళమను మాట చదువరికి ఎంత స్వేచ్ఛ నిచ్చినదో, ఆ ఖాళీలు సూత్రధారునికి అంత స్వేచ్ఛ నిచ్చినవి. ఏ బల్లకు ఆ బల్లయే నియమములు పూరించుకొనినది. మా వీధి పులిజూదమునకు, ప్రొద్దుటూరు పులిజూదమునకు ఉన్నంత భేదము అచ్చటను ఏర్పడినది.

అచ్చుగ్రంథము ప్రమాణమైన కొలది ఈ స్వేచ్ఛ సమస్యగా మారెను. 1997లో మూలసంస్థయగు టి.ఎస్.ఆర్.ను విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కొనుగోలు చేసి, 2000లో మూడవ కూర్పును వెలువరించినది. దానిని ముందుగా ఆడి చూచినవారు ఎంపికచేయబడిన బృందములవారు మాత్రమే. అట్టి మూసిన తలుపుల పరీక్షలో దాటిపోయిన లోపములు ఎట్టివో తెలిసికొనుటకు రెండు మంత్రములు చాలును. హేస్ట్ అను వేగమంత్రము పొందినవానికి ప్రతి వంతున అదనముగ ఒక పాక్షికచర్య లభించుచుండెను. యోధుడు దానితో ఇంకొక వేటు వేసెను, మాంత్రికుడో దానితో ఇంకొక మంత్రమునే ప్రయోగించెను. ఒక వంతులో రెండు మంత్రములు వేయగలవాని యెదుట తక్కినవారు ప్రేక్షకులైరి. హార్మ్ అను మంత్రము తాకినంతనే ఎంతటి మహాసర్పమునకైనను తప్పించుకొను పాచిక లేకుండ, ప్రాణపు లెక్కలో ఒకటినుండి నాలుగు పాళ్ళవఱకు మాత్రము మిగిల్చుచుండెను. 2003లో వచ్చిన సవరించిన కూర్పున హేస్ట్ ఒక అదనపు వేటునకు పరిమితమైనది. హార్మ్‌నకు ఒక హద్దును, తట్టుకొనుటకు ఒక అవకాశమును ఏర్పడినవి. మూడేండ్లపాటు లోకమంతయు పుస్తకము కొని చేసిన పరీక్షకు ఫలిత మిది. మూల్యము చెల్లించినవారు కొన్నవారే.

తలుపులు తెరచిన ఘనత పైజో సంస్థది. 2008లో నాలుగవ కూర్పు పూర్వపద్ధతిని చాలవఱకు విడిచిపెట్టగా, పాతదానిపై మక్కువ తీరనివారికై ఆ సంస్థ పాత్‌ఫైండర్ అను పేర ఒక సవరణ ప్రారంభించి, అదే సంవత్సరము ముసాయిదాలను బహిరంగముగ పంచిపెట్టి, 50,000 మందికి పైగా పాల్గొనిన ఏడాది పరీక్ష తరువాత 2009 ఆగస్టులో గ్రంథమును ముద్రించినది. ఆ మార్గమునే విజర్డ్స్ సంస్థయు అనుసరించినది. 2012 మే నెలలో మొదలైన డి అండ్ డి నెక్స్ట్ పరీక్షలో 1,75,000 మందికి పైగా పాల్గొనిరి. ఫలముగా 2014లో ఐదవ కూర్పు వెలసినది.

ఆ పరీక్షలో నెగ్గిన నియమములలో మిక్కిలి చిన్నది, మిక్కిలి గొప్పది ఒకటి కలదు. అంతకుమునుపు ఆటగానికి ఎత్తైన చోటు దొరికినచో ఒకటి, శత్రువు పడియున్నచో నాలుగు, మిత్రుడు తోడున్నచో రెండు, ఇట్లు కూడికలు తీసివేతలు వ్రేళ్ళపై లెక్కపెట్టుకొనవలసి వచ్చెడిది. వాని స్థానమున అడ్వాంటేజ్ అను ఒకే సూత్రము వచ్చినది: పరిస్థితి అనుకూలమైన రెండు పాచికలు వేసి పెద్దదానిని గ్రహింపుము; ప్రతికూలమైన చిన్నదానిని గ్రహింపుము. 11 గాని అంతకు మించి గాని పడవలసిన చోట ఒక పాచికకు నూటికి 50 వంతుల అవకాశము; రెండింటిలో పెద్దది తీసికొనినచో 75 వంతులు. 20 పడుటకు ఒక పాచికతో 5 వంతులు, రెండింటితో 9.75 వంతులు. లెక్క తెలియని పిల్లవానికిని "రెండు వేసికో" అను మాట అర్థమగును. అష్టాచెమ్మలో నాలుగు గవ్వలు వెల్లకిల పడి చెమ్మ వచ్చినపుడు "ఇంకొకటి వేసికో" అనగనే బిడ్డ మొగము వికసించు రీతి నెఱిగినవారికి ఈ నియమము ఏల నెగ్గినదో వేఱుగ చెప్పనక్కఱలేదు.

పరీక్షలో ఓడిన నియమములు అంతకంటె ఎక్కువ బోధించును. 2018 ఆగస్టులో పాత్‌ఫైండర్ రెండవ కూర్పునకు పరీక్ష మొదలైనపుడు రెజొనెన్స్ అను క్రొత్త లెక్క ప్రవేశపెట్టబడినది. పూర్వపు ఆటలో 750 బంగారునాణెములకు దొరకు స్వస్థతాదండమొకటి కొనినచో 50 మార్లు గాయములు మానుచుండుటచే, ప్రతి పోరాటము తరువాత దానిని తట్టుచు కూర్చుండుట ఒక పరిపాటియైనది. దీనిని అరికట్టుటకై నిర్మాతలు ప్రతి పాత్రకు దాని స్థాయిని, ఆకర్షణశక్తిని కూడి వచ్చునన్ని పాళ్ళు మాత్రమే రోజునకు నియమించి, మంత్రవస్తువును వాడినపుడెల్ల ఒక పాలు ఖర్చగునట్లు శాసించిరి. హేతువు నిర్దుష్టము, గణితము నిర్దుష్టము. ఐనను గాయపడి పడియున్నవాడు తన సంచిలోని ఔషధము తాను త్రాగుటకును లెక్క చెప్పవలసి వచ్చుట ఆటగాండ్రకు సహింపరానిదైనది. 2019లో వెలువడిన గ్రంథమున ఆ లెక్క లేదు. రోజునకు 10 వస్తువులవఱకు ధరింపవచ్చునను తేలికయైన హద్దు మాత్రము మిగిలినది. రోగము ఉన్నదని వైద్యుడు సరిగానే కనిపెట్టెను; మందు చేదని రోగి ఉమిసివేసెను; తరువాత వచ్చిన గుళిక దిగినది.

2022 ఆగస్టులో డంజన్స్ అండ్ డ్రాగన్స్ నూతనసవరణకు మొదటి ముసాయిదా వెలువడినది. ప్రతి ముసాయిదా వెనుకను ప్రశ్నావళి యుండెను; ఒక యంశమునకు దాదాపు 70 శాతము సంతృప్తి వచ్చినపుడే అది సవరణలతో ముందునకు సాగునని నిర్మాతలు చెప్పిరి. మొదటి ముసాయిదాలో రాక్షసుల పాచికపై 20 పడినను తీవ్రఘాతము లేదనియు, మంత్రమునకును అది లేదనియు, ఆటగాండ్ర యాయుధములకే చెల్లుననియు ఒక సూత్రముండెను. తరువాతి ముసాయిదాకే పాత సూత్రము తిరిగి వచ్చినది. మంత్రములనన్నిటిని మూడు పెద్ద జాబితాలుగ పేర్చి పాత్రవర్గములకు పంచు పద్ధతి కొన్ని నెలలు నడచి, తుదకు విడువబడి, వర్గమునకొక జాబితా యను పూర్వపద్ధతియే నిలిచినది. మృగరూపము ధరించు డ్రూయిడ్‌నకు వేర్వేరు మృగములకు బదులు అచ్చుపోసిన మూసల నిచ్చుటయు నెగ్గలేదు. ఇట్లు కొంత ముందునకు, కొంత వెనుకకు నడచి, 2024 సెప్టెంబరున గ్రంథము బయటికి వచ్చినది.

ఆ గ్రంథమున నిలిచిన మంత్రపు మార్పులలో రెండింటిని చేతికి తీసికొని చూతము. మొదటిది కౌంటర్‌స్పెల్, అనగా ప్రతిమంత్రము. ఐదుగురు కూర్చున్న బల్లపై ఒక మాంత్రికుడు తన వంతు వచ్చువఱకు కాలుగంట వేచియున్నాడనుకొందము. వంతు వచ్చినది, అగ్నిగోళము విసరితి ననెను. సూత్రధారుడు "శత్రువు ప్రతిమంత్రము వేసెను" అనెను. 2014 నియమము ప్రకారము మూడవ తరగతి వఱకు గల మంత్రము ఏ పాచికయు లేకయే చచ్చును; మంత్రము పోయినది, మంత్రమునకై ఖర్చుచేసిన శక్తియు పోయినది, వంతును పోయినది. 2024 నియమము ప్రకారము దెబ్బతిన్నవాడే పాచిక వేయును. దేహదార్ఢ్యము నిలిచినచో మంత్రము చెల్లును. నిలువకున్నను వంతు వ్యర్థమగును గాని ఖర్చైన శక్తి తిరిగి దక్కును. ప్రతిమంత్రపు బలము తగ్గినదని దానిని వేయువారు విచారించిరి. కాని ఓడువాని చేతికి ఒక పాచిక వచ్చినది.

రెండవది మృగములను పిలుచు కంజ్యూర్ ఎనిమల్స్. పాత నియమమున ఒకే మంత్రమునకు ఎనిమిది తోడేళ్ళు రావచ్చును. తోడేలు తన తోటి తోడేలు శత్రువు దగ్గఱనున్నచో రెండు పాచికలు వేయును గనుక, పిలిచినవాని ఒక్క వంతున 16 పాచికలు దొర్లవలెను. గాయముల లెక్క వేఱు. పిలిచినవానికి పండుగ, ప్రక్కన కూర్చున్న యోధుడు టీ త్రాగి, గ్లాసు కడిగి వచ్చినను ఐదవ తోడేలే కరచుచుండును. క్రొత్త నియమమున ఆ మృగములన్నియు కలిసి కదలు ఒక్క గుంపుగా, పిలిచినవానితోపాటు సంచరించు ఒక్క యాపదగా మారినవి. కవిత్వము కొంత పోయినది. తనకంటూ తోడేళ్ళ నెనిమిదింటిని పేరుపెట్టి పిలుచుకొనిన బాలుని దుఃఖము నిజమైనది. ఆటమాత్రము మరల నలుగురిదైనది.

ఈ చరిత్రపై మూడు మతములు వినవచ్చును. సంప్రదాయవాదులు, కొనిన గ్రంథము చెల్లకుండ చేయుటకే సవరణలు పుట్టుచున్నవని, ఏ బల్లకు కావలసిన మార్పు ఆ బల్లయే చేసికొనగలదని అందురు. ఇందు సత్యము లేకపోలేదు. 1974నాటి పెట్టె ఆ విశ్వాసముతోనే అమ్ముడుపోయినది. కాని వేంపల్లె పిల్లవాడు ప్రొద్దుటూరు పిల్లవానితో ఆడవలసి వచ్చినపుడు ఉమ్మడి ప్రమాణ మొకటి కావలెను. సంస్కారవాదులు సంఖ్యలను నమ్ముదురు: ఏ మంత్రము ఎంత నష్టము కలిగించునో కొలిచి సరిచేసినచో ఆట బాగుపడును. రెజొనెన్స్ కథ వారికి సమాధానము. మూడవవారు ప్రశ్నావళియే ఒక వ్యాపారతంత్రమని, జనులకు నచ్చినదానినే జనులకు అమ్ముట యని శంకింతురు. ఆ శంక పూర్తిగ నిరాధారము గాకున్నను, ప్రశ్నావళి సంస్థకే ఎదురు తిరుగగలదని 2023 జనవరిలో తేలినది. ఇతరులు డంజన్స్ అండ్ డ్రాగన్స్ నియమములపై పుస్తకములు వ్రాసికొనుటకు గల అనుమతిపత్రమును మార్పదలచినపుడు అభిప్రాయములు తెలిపినవారు 15,000 మందికి పైబడిరి, అత్యధికులు కాదనిరి, సంస్థ వెనుదిరిగి మూలనియమములను క్రియేటివ్ కామన్స్ క్రింద శాశ్వతముగ విడుదల చేసినది.

మన యాటలలోను ఇట్టి మార్పులు కలవు. మన దేశపు పాత చదరంగమున బంటు తొలియెత్తునను ఒక గడియే నడచెడిది. రాజునకు ఒక్కమారు గుఱ్ఱపుదుముకు దుముకు హక్కుండెడిది. ఆ పద్ధతిలో ఆరితేరిన పంజాబు మీర్ సుల్తాన్ ఖాన్ పాశ్చాత్యనియమములు ఆలస్యముగ నేర్చియు 1929, 1932, 1933 సంవత్సరములలో బ్రిటిషు ఛాంపియనుషిప్పు గెలిచెను. నియమములు మారినను ప్రజ్ఞ నిలిచినది. ప్రొ కబడ్డీలో వరుసగ రెండు కూతలు వట్టిపోయినచో మూడవదానిలో పాయింటు తెచ్చియే తీరవలెనను నియమము, కాలము గడుపుచు కూర్చుండు జట్టును కదలించినది. క్రికెట్టున ఆట నడుమ ఒక ఆటగానికి బదులు మఱియొకనిని దింపనిచ్చు ఇంపాక్ట్ ప్లేయర్ నియమమును 2022లో సయ్యద్ ముస్తాక్ అలీ పోటీలో ఆడి చూచి, 2023లో ఐ.పి.ఎల్.కు తెచ్చిరి. అదియు ప్లేటెస్టే. బ్యాటుదారులు సంతసించిరి. బంతితోను బ్యాటుతోను సమముగ బ్రతుకు ఆల్‌రౌండర్లకు చోటు తగ్గినదని విజ్ఞులు నొచ్చుకొనిరి.

ఈ యుదాహరణములన్నిటిని పేర్చి చూచినపుడు నాకు తోచు లోపము ప్రశ్నావళి అడుగు ప్రశ్నలో నున్నది. "నీ మాంత్రికుడు నీకు నచ్చెనా?" అని అడిగినచో ప్రతివాడును పులిని చేతబట్టియే సమాధానము చెప్పును. ఎనిమిది తోడేళ్ళను పిలిచినవానిని అడుగుట సులభము. ఆ తోడేళ్ళు కరచి ముగించువఱకు వేచియున్నవానిని, వానిని లెక్కపెట్టిన సూత్రధారుని అడుగుట అరుదు. రాక్షసులకు తీవ్రఘాతము తీసివేయుట ఆటగాని క్షేమమునకే యుద్దేశింపబడినను, భయము లేని ఆట చప్పనిదగునని ఆటగాండ్రే కాదనుట ఈ సమీక్షలో నన్ను మిక్కిలి ఆకర్షించిన ఘట్టము. అచ్చట పులులు మేకల పక్షమున మాటాడినవి. ఇంకొక లోపము కాలమునకు సంబంధించినది. ముసాయిదా కొన్ని వారములే చేతిలో నుండును గనుక తొలిమెట్టు మంత్రములు మాటిమాటికి పరీక్షింపబడును. ఎన్నో నెలలు ఆడినగాని చేరరాని ఉన్నతస్థాయి మంత్రములు ఎక్కువగ చదువబడి, తక్కువగ ఆడబడును. చదివి చెప్పిన తీర్పును, ఆడి చెప్పిన తీర్పును ఒకే తక్కెడలో వేయుట న్యాయము గాదు.

నాపబండ కథలో నేను దాచియుంచిన భాగ మొకటి కలదు. మరునాటి సాయంకాలము, గింజలు పరచకమునుపే, నేను వినయముగ రెండు దాట్ల మాట ఎత్తితిని. జేజి కాదనలేదు. చింతగింజల డబ్బీ నా వైపు జరిపి, గచ్చకాయలు మూడింటిని తన యొడిలో వేసికొనినది. "సరే, రెండు దాట్లే. ఈపొద్దు మేకలు నువ్వు పట్టు" అనినది. దీపము పెట్టువేళ లోపల మూడు ఆటలు ముగిసినవి. మూడవదానిలో నా డబ్బీలో ఇంకను ఆరు గింజలు పటముపైకి రానేలేదు. జేజి గచ్చకాయలు నాకు తిరిగి యిచ్చుచు ఏమియు అనలేదు, డబ్బీ మూత పెట్టుచు నేనే అడిగితిని, "రేపటినుంచి ఒకటే దాటు పెట్టుకుందామా జేజీ?" అని.